డబ్బాలో తగ్గిన మేత

ఆరేళ్లుగా ఒక విషయాన్ని ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. ఎప్పుడూ తెలుస్తూ ఉండే బరువు కాదు. పనిలో పడితే మర్చిపోతాను. ఎవరైనా కొంచెం ఆగి నా ముఖంలోకి చూస్తే చాలు, దాన్నే అడగబోతున్నారేమో అనుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అక్క ఈ చలికాలంలో పోయింది. ఆమెకు చెప్పాల్సిన మాట ఇది. చెప్పలేదు.

అక్క కాపురం తాండూరులో. బావ అక్కడ నాపరాయి పాలిష్ పట్టే పని చేసేవాడు. మిషన్ల రొదకు చెవులు సగం పోయాయి. ఇంట్లో గాజు తొట్టెలో రెండు గోల్డ్‌ఫిష్‌లను పెంచేవాడు. "గివే నయం మరదలా, లొల్లి పెట్టవు," అనేవాడు అక్కకు వినబడేలా. "నేను మొత్తుకుంటేనే నీకు ఇనబడది, అవి మొత్తుకుంటే ఇనబడ్తదా?" అనేది అక్క.

తొట్టె విషయంలో బావకు ఒక పద్ధతి ఉండేది. ఆదివారం పావు వంతు నీళ్లే తీసేవాడు. ముందురోజు బకెట్లో పట్టి ఉంచిన బోరు నీళ్లు పోసేవాడు. ఫిల్టర్‌లోని స్పాంజిని తొట్టెలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేసేవాడు. ఆ స్పాంజి ఎప్పుడూ గోధుమరంగులో, చూడ్డానికి మురికిగా ఉండేది. ఆ ఇంట్లో మాత్రం ఏనాడూ వాసన రాలేదు. ఇంత చదివినదాన్ని, ఆ రెండూ కలిపి ఆలోచించాలని నాకెందుకు తోచలేదు?

బావ గుండెపోటుతో పోయాక అక్కను వికారాబాద్ తీసుకొచ్చాను. నేనిక్కడ బడిలో టీచర్ని. పెళ్లి చేసుకోలేదు. అక్కకు పిల్లల్లేరు. ఆమెతో ఒక బట్టల సంచి, తొట్టె వచ్చాయి. తొట్టెను ముందుగదిలో నా పుస్తకాల పక్కన పెట్టాం.

నెల తిరిగేసరికి వాసన మొదలైంది. నిలవ నీటి వాసన, అందులో కుళ్లిన ఆకు వాసన. అక్క తొట్టె ముందు కూర్చుంటే బావ గుర్తొచ్చేవాడు. గుర్తొచ్చినప్పుడల్లా మేత వేసేది. నేను గట్టిగా చెప్పాక రోజుకు ఒక చిటికెడుకు తగ్గించింది. అయినా వాసన పోలేదు. పుస్తకం తెరిచినా అదే వాసన అనిపించేది. నిజంగా వచ్చేదా, లేక పన్నెండేళ్లు ఒక్కదాన్నే ఉండి అలవాటుపడి, ఇంట్లో ఇంకో మనిషి మసలడాన్ని ఓర్చుకోలేక ఆ విసుగును వాసన మీదికి తోశానా? ఇప్పుడు తేల్చలేను.

ఆరు నెలలకు అక్క తేరుకుంది. "నా ఇంటికి నేను పోత చెల్లే," అంది. తాండూరు ఇంటికి సున్నం వేయించడానికి ఒక ఆదివారం పొద్దున బండికి బయలుదేరింది. ఆ వచ్చే వారం తొట్టెతో సహా వెళ్లిపోవాలని ఆమె ఆలోచన. గడప దగ్గర నిలబడి చెప్పింది: "చేపలకు చిటికెడు ఏసిన. మల్ల నువ్వెయ్యకు. సాయంత్రం బండికి వస్త."

ఆమె వెళ్లగానే తొట్టె కడగడం మొదలుపెట్టాను. తీసుకుపోయేలోగా శుభ్రంగా చేసి ఇద్దామనుకున్నాను. అది నిజం. ఎలా ఉంచుకోవాలో చూపిద్దామనుకోవడం కూడా నిజమే.

చేపల్ని గిన్నెలోకి తీశాను. నీళ్లన్నీ పారబోశాను. గులకరాళ్లను బియ్యం కడిగినట్టు నీళ్లు తేటపడేదాకా కడిగాను. స్పాంజిని నల్లా కింద తెల్లబడేదాకా పిండాను. అద్దానికి పట్టిన పాకుడు పోలేదు. సంపులో వేయడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ మెట్ల కింద ఉంది. దానితో రుద్దాను. నాలుగుసార్లు కడిగి, అప్పుడే వచ్చిన నల్లా నీళ్లు నింపి చేపల్ని వదిలాను.

తొట్టె అంత తళతళలాడగా నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో వాసన లేదు. తృప్తిగా పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి చిన్న చప్పుడు. రెండు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. మొప్పలు ఎర్రగా ఉన్నాయి. పాత నీళ్లు కావాలని అప్పుడు తోచింది. అవి మోరీలో పోయాయి. తాగే నీళ్ల క్యాన్ ఎత్తి పోశాను. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక చేప పక్కకు ఒరిగింది. మూడింటికి రెండోది.

అక్క రావడానికి ఇంకా రెండు గంటల సమయం ఉంది. చెప్పాల్సిన మాటను పైకి అని చూసుకున్నాను. "అక్కా, తొట్టె కడిగిన. చేపలు పోయినయ్." అంతే కదా? ఏడ్చేది. తిట్టేది. తర్వాత నాకే అన్నం పెట్టేది. మరి ఎందుకు నోరు రాలేదు? గ్యాస్ చూసుకో, తాళం చూసుకో అని అందరికీ చెప్పే మనిషిని నేను. అడగకుండా ముట్టుకుని, బావ వదిలివెళ్లిన రెండు ప్రాణాల్ని తీశానని నా నోటితో ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

మేత డబ్బా అలమారాలో ఉంది. ముందురోజే అక్క తెరిచిన కొత్త డబ్బా. దాదాపు నిండుగా ఉంది. సగం మేత బాత్రూం మోరీలో పోశాను. నా చేయి దానంతట అదే పోసిందని రాయబోయి కొట్టేశాను. నేనే పోశాను. గింజలు నీటి మీద తేలుతూ జాలీ దగ్గర ఆగాయి. బకెట్ తర్వాత బకెట్ పోశాను. ఆఖరి గింజ పోయేసరికి గేటు చప్పుడైంది.

అక్క చెప్పులు విప్పుతూనే తొట్టె వైపు చూసింది.

"ఏమైంది చెల్లే వీటికి?"

"నువ్వు పోయినంక నీళ్లు తెల్లగా తిరిగినయ్. పైకొచ్చి నోళ్లు తెరిచినయ్. అంతా కడిగి నీళ్లు మార్చి చూసిన. దక్కలే."

"ఎందుకు తిరిగినయ్ నీళ్లు?"

"మేత మస్తు పడ్డట్టుంది."

"చిటికెడే ఏసిన."

నేను డబ్బా తెచ్చి అందించాను. ఆమె మూత తీసి లోపలికి చాలాసేపు చూసింది.

"నిన్ననే తెరిచిన గదనే. సగమెట్లైంది?"

"పరేషాన్ల ఉన్నవ్ అక్కా. తెల్వకుంట ఏసినవేమో."

"నేనే ఏసిన్నా?"

"ఏసినవ్."

ఆమె నా ముఖం చూసింది, అనుమానంతో కాదు. ఆమెకు నా మాట మీద ఉన్నంత నమ్మకం తన మతి మీద లేకుండా పోవడం నా కళ్ల ముందే జరిగింది. నేను ఆపొచ్చు. ఒక్క మాట చాలు. డబ్బా ఆమె చేతిలోంచి తీసుకుని మూత పెట్టాను.

మూడో రోజు, "ఏం ఏసిన్నో తెల్వనిదాన్ని, ఒక్కదాన్ని ఎట్లుంట చెల్లే? ఇల్లు తగలవెడ్త. నేను పోను," అంది. సున్నం వేయించిన ఇంటిని కిరాయికి ఇచ్చేసింది.

ఆరేళ్లు నా దగ్గరే ఉంది. కూరలో ఉప్పు వేసి, "ఏసిన్నా?" అని అడిగేది. గోలీ మింగి, "ఏసుకున్ననా?" అనేది. తాళం వేసి గల్లీ చివర నుంచి వెనక్కి వచ్చేది. "నీ పేరన్న యాదికున్నదా అత్తా?" అని పక్కింటామె నవ్వితే, "మా చెల్లెనడిగి చెప్త," అని తనూ నవ్వేది. నేను నవ్వానా? నవ్వాను.

చేపలు పోయిన నెలలోనే బడి లైబ్రరీ పుస్తకం ఒకదానిలో చదివాను. స్పాంజిలో నేను మురికి అనుకున్నదే నీళ్లను వాసన రాకుండా కాపాడేదట. దాన్ని కడిగేశాను. పైగా బ్లీచింగ్ ఘాటు నీళ్లలో వదిలాను. అప్పటికి తాండూరు ఇంట్లో ఇంకా ఎవరూ దిగలేదు. పుస్తకం తీసుకుపోయి అక్క ముందు పెట్టొచ్చు. వెనక్కి ఇచ్చేశాను.

ఆమెను ఉంచుకోవడానికి అబద్ధం చెప్పానా? ఆ సాయంత్రం కాదు. తర్వాత? బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో దీపం వెలిగి ఉండేది, పొయ్యి మీద అన్నం వేడిగా ఉండేది. నాకది బాగుంది. బాగున్నదాన్ని పోగొట్టుకోవడం ఇష్టంలేక ప్రతి రోజూ ఆ అబద్ధాన్ని మళ్లీ చెప్పినట్టే లెక్క.

అక్క పోయిన పదకొండో రోజున తాండూరు నుంచి బావ చెల్లెలు వచ్చింది. భోజనాల దగ్గర అందరికీ చెప్పింది: "మా వదినెకు అన్న పోయినంక మతి తప్పింది పాపం. చేపలకు డబ్బడు మేతేసి సంపిందట." నలుగురూ అయ్యో అన్నారు. తర్వాత నా వైపు చూశారు, అవునా అన్నట్టు. చేతిలో మజ్జిగ గిన్నెతో నిలబడి తలూపాను.

పోయిన మనిషి గురించి కూడా అబద్ధమే చెప్పాను. ఆ తలూపుడు తర్వాత నాకు సరిగా నిద్ర లేదు. అందుకే ఇది రాస్తున్నాను. బావ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పగలనో లేదో తెలియదు. క్షమించమని అడగడానికి మనిషి లేదు. మిమ్మల్ని అడగడం లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ మాటలు నా లోపల కాకుండా బయట ఉన్నాయి. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలికకైనా నాకు హక్కుందో లేదో.

మా అక్కకు మతి తప్పలేదు. ఆ పొద్దున ఆమె వేసింది చిటికెడే. ఆమెకు సరిగ్గానే గుర్తుంది.