కంటికింద సుడి

తెలంగాణ వచ్చిన ఏడాది మా మర్రిగూడలో బోరు ఎండింది, మరుసటి ఏడాది పత్తి ఎండింది, నా నోరు మాత్రం ఎండలేదు. పశువుల ఒంటిమీది సుళ్లు చూసి మంచీచెడూ చెప్పడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఊళ్లో ‘సుళ్ల శ్రీశైలం’ అంటుంటే బిరుదనుకుని మురిసిపోయేవాణ్ని.

ఇల్లు గడిచేది మాత్రం నా భార్య జంగమ్మ పిండే ఒక్క ఆవు పాలతోనే. అది ముసలిదైపోతోంది. ఒకే కోడె వీర్యాన్ని సూదితో ఎక్కిస్తే దానికి పుట్టిన రెండు పెయ్యలున్నాయి. వాటిలో ఒకటి తల్లి స్థానంలోకి రావాలి. రెండింటినీ మేపడానికి గడ్డి లేదు.

పెద్దది నిగనిగలాడే నలుపు, నుదుట చక్కటి సుడి. చిన్నది బక్కది, పైగా కంటికింద సుడి. అలాంటిది ఉన్న ఇంట్లో కన్నీళ్లు తప్పవని శాస్త్రం. ఆ శాస్త్రం ఎక్కడుందని అడక్కండి, నేనూ చూడలేదు.

ఆవులకు ఆ సూదులు వేసే ఎల్లయ్య చెప్పి చూశాడు. “శ్రీశైలమన్నా, ఐదు వేళ్లు ఒక్కతీరుగుంటయా? ఒక్క తల్లికి, ఒక్క కోడెకు పుట్టినా ఒక్కోదాంట్ల ఒక్కో గుణం దిగుతది. పాల గుణం ఏ దాంట్ల దిగిందో ఈనినంక గాని తెల్వది. అందాంక రెండూ ఉండనియ్.”

“గడ్డి నేను తెస్త, నీకేం ఫికర్?” అంది జంగమ్మ.

“సూదులేసేటోనికి సుళ్ల సంగతేం ఎరుక?” అని చిన్నదాన్ని పక్కింటి సైదమ్మకు అమ్మేశాను. కన్నీళ్లు ఆమె ఇంటికి పోతాయని కొంచెం జాలి కూడా పడ్డాను.

రెండూ ఈనాయి. సైదమ్మ బకెట్ నింపుతుంటే మా అందగత్తె చెంబుతో సరిపెట్టింది. దాణా మార్చాను, దిష్టి తీశాను. జంగమ్మకు పిండటం రాదని నేనే కూర్చున్నాను, తన్నింది. ముసలిదేమో వట్టిపోయింది. జంగమ్మ పత్తి ఏరే కూలికి పోవడం మొదలుపెట్టింది.

చివరికి సైదమ్మ ఆవుకు పుట్టిన పెయ్యనైనా అడుగుదామని ఇద్దరం పోయాం. సైదమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

“తోల్కపోయి పెంచుకో జంగమ్మా. మొదటి దూడ నాకియ్యి, చాలు. తల్లి తీరుగ ఇస్తదో, పెద్దమ్మ తీరుగ ఇస్తదో, గది మాత్రం నేను చెప్పలేను.”

ఇంటిముందుకు రాగానే నా చెయ్యి ఊరుకోలేదు. దూడ మూతి ఎత్తి చూశాను. కంటికింద సుడి ఉంది.

జంగమ్మ పలుపు లాక్కుంది. “నీ నెత్తిమీద రెండు సుళ్లున్నయి, రెండు పెండ్లిళ్లు చేసుకుంటడు, వద్దు బిడ్డా అని మా అవ్వ మొత్తుకున్నది. ఇన్ననా నేను?”

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. నేనూ రెండో పెళ్లి చేసుకోలేదు. నెత్తికి రుమాలు చుట్టుకుని దూడకు నీళ్లు పెట్టాను.