ఒక్క పూసకే

పక్కింటివాళ్లు గోడలోంచి తన మాటలు వింటున్నారని నమ్మి, మా అక్క కుట్టుమిషన్ మానేసి తలుపు మూసుకుంది. రెండేళ్లు రాయచూరులో వైద్యం చేయించాక కాస్త తేరుకుని మళ్లీ జాకెట్లు కుట్టసాగింది. అప్పుడే ఆసుపత్రిలో ఒక పరిశోధక విద్యార్థిని, ఆటలాంటి చిన్న పరీక్షకు కూర్చుంటారా అని మమ్మల్ని అడిగింది. ఇలాంటి జబ్బున్నవాళ్లు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో చూస్తున్నానని, ఇష్టమైతేనే కూర్చోమని చెప్పింది. అక్క ఒప్పుకుంది.

రెండు డబ్బాలు. ఒకదాంట్లో ఎర్రపూసలు ఎక్కువ, రెండోదాంట్లో నీలం పూసలు ఎక్కువ. ఆ అమ్మాయి వాటిని తెర వెనక పెట్టి, ఒకే డబ్బాలోంచి ఒక్కొక్క పూసా తీసి చూపిస్తుంది. అది ఏ డబ్బానో నమ్మకం కుదిరాక చెప్పాలి. ఎన్ని పూసలైనా అడగొచ్చు.

మొదట ఎర్రది వచ్చింది.

"ఎర్రపూసల డబ్బానే," అంది అక్క.

"ఇంకొన్ని సూస్తవా అక్కా?" అన్నాను.

"సూసేదేముంది? ఎర్కైంది గద."

తెర తీస్తే నీలం డబ్బా. అక్క చలించలేదు. "నడుమల మార్చిండ్రు," అంది.

నేను ఆడినప్పుడు ఏడు పూసలు అడిగాను. లోలోపల గర్వపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాతి నెల మందుల దుకాణంలో అదే మాత్ర వేరే కంపెనీది ఇచ్చారు. తెల్లగా ఉండేది పసుపుగా ఉంది. యరమరస్ కరెంటు ప్లాంటులో డ్యూటీకి వెళ్లే తొందరలో నేనా సంగతి అక్కకు చెప్పలేదు. మూడు వారాలకు ఆమె పరుపు కింద మాత్రలన్నీ దొరికాయి.

"గోలీల ఇసం పెడ్తున్నవని నాకు ఎర్కలేదనుకున్నవా?"

"అదే మందు అక్కా, కంపెనీ మారింది."

"అయితే నువ్వు మింగు."

మింగాను. నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. అలవాటు లేని మందు మత్తుకు కాసేపటికి నాకు కళ్లు బరువెక్కాయి. కూర్చోలేక గోడకు జారగిలబడ్డాను.

"సూస్తివా," అంది అక్క.

ఆ తర్వాత నా చేతి నీళ్లు కూడా ముట్టలేదు. పది రోజులకు, తిండి పూర్తిగా మానేసిన మనిషిని ఆసుపత్రికి ఆటో ఎక్కించడానికి పక్కింటివాళ్లనే పిలిచాను. వాళ్లు చేతులు పట్టుకుంటే, "తమ్మీ, నువ్వు గూడ వీళ్లతోనేనా?" అని అరిచింది.

ఇప్పుడు మాత్రల బదులు నెలకోసారి సూది మందు. ఎదురు చెప్పదు, చెయ్యి చాచి గోడవైపు చూస్తుంది. పరిస్థితి మెరుగైందని డాక్టరు అంటారు. ఇంట్లో మాత్రం తన బియ్యం వేరే గిన్నెలో తనే వండుకుంటుంది. నేను గడప దాటి లోపలికి రాగానే ఆ గిన్నె ఎత్తుకుని గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది.