నూలు రొయ్య

దేదీప్యకు తోడికోడలు రాధారాణి అంటే మొదటి నుంచీ పడేది కాదు. పెళ్లయి రెడ్‌మండ్‌లో కాపురం పెట్టిన వారంలోనే రాధారాణి ఆమె వంటింట్లోకి వచ్చింది. తరుగుతున్న బెండకాయ ముక్కను రెండు వేళ్లతో పైకెత్తి చూసి, "మా లోకేష్ ఇంత లావు ముక్కలు తినడమ్మా" అంది. లోకేష్ దేదీప్య భర్త, రాధారాణికి మరిది. తాను ఎన్నో ఏళ్లు ముందుగా అమెరికా వచ్చానన్న హక్కుతో, వాళ్లు ఏ వీధిలో ఇల్లు కొనాలో, పిల్లను ఏ డాక్టర్‌కి చూపించాలో కూడా ఆవిడే చెప్పింది. చివరికి పిల్లకు పేరు కూడా పెట్టబోయింది. దేదీప్య ఆ పేరును పక్కకు నెట్టి నైనిక అని పెట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడితే నవ్వుకునేవారు గానీ, ఆ నవ్వు పళ్ల దాకానే.

దేదీప్య సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. మాట పడే మనిషి కాదు. నోటికి లేని ఓపికంతా చేతుల్లో ఉండేది.

నైనిక కిండర్‌గార్టెన్‌లో చేరాక, పక్కన కూర్చునే జపాన్ అమ్మాయి లంచ్ బాక్స్ మీద మనసు పడింది. మూడు మూలల అన్నం ముద్దకు నల్లటి సముద్రపు నాచు పట్టీ, పసుపు పచ్చని గుడ్డు చుట్ట, తోక బయటపెట్టుకుని పడుకున్న రొయ్య. "అమ్మా, నాకు ఆ లంచ్ కావాలి. పప్పు వద్దు" అని మొదలుపెట్టింది. ఆ ఇంట్లో గుడ్డు కూడా వండరు. మనం తినం అని చెబితే పిల్ల బాక్స్ తెరవకుండానే ఇంటికి తెచ్చేసేది.

దేదీప్య చిన్నప్పుడు తెనాలిలో వాళ్ల పిన్ని దగ్గర క్రోషా అల్లిక నేర్చుకుంది. టీవీ మీద కప్పే గుడ్డలు, తలుపు తోరణాలు అల్లేది. మళ్లీ సన్నటి నూలు దారం, కొక్కెం సూది కొనుక్కొచ్చి, ఒక జపాన్ ఆవిడ వీడియోలు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు, వేళ్లను చూసి నేర్చుకుంది. మొదటి అన్నం ముద్ద వంకాయలా వచ్చింది. తర్వాత తర్వాత బొటనవేలి గోరంత సాల్మన్ చేప ముక్కలు, నారింజ దారం మీద తెల్ల గీతలతో సహా, కుదిరాయి. పంటిపుల్లతో దూది కూరి మూతి కుట్టేసేది. నైనిక వాటిని అగ్గిపెట్టెలో సర్దుకుని బొమ్మలకు లంచ్ పెట్టేది.

రొయ్య మాత్రం రాలేదు. రాధారాణి కూతురు అనిక హైస్కూల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. స్కూల్ అయ్యాక తరచూ దేదీప్య దగ్గరికి వచ్చేది. ఆ రొయ్యను చూసి, "పిన్నీ, ఇది ష్రింప్ కాదు. క్యారెట్‌కి తోక పెట్టావ్" అంది.

మర్నాడు అనికే తన తల్లి కారు తీసుకుని వచ్చి దేదీప్యను ఎక్కించుకుంది. లైబ్రరీ పార్కింగ్‌లో ఆపి, రెస్టారెంట్ నుంచి తెచ్చిన డబ్బా తెరిచింది. అందులో నిజం రొయ్యలు. దేదీప్య ఒకదాన్ని అనిక చేత అటూ ఇటూ తిప్పించి చూసింది. దాని వంపు వీపు వల్ల వచ్చింది కాదు, పొట్ట వైపు బిగువు వల్ల వచ్చింది. చూడటం అయ్యాక అనిక చక్కగా తినేసింది.

"అమ్మకి చెప్పకు పిన్నీ, ఓకేనా? చంపేస్తుంది."

"నేనెందుకు చెప్తానే."

ఇంటికెళ్లి పొట్ట కింది దారం బిగించి లాగేసరికి రొయ్య ముడుచుకుంది.

ఆ దసరాకు రాధారాణి ఇంట్లో బొమ్మల కొలువు. ఊళ్లో తెలుగువాళ్లంతా వచ్చే పేరంటం. నైనిక ఎవరినీ అడగకుండా తన అగ్గిపెట్టె తెరిచి, కింది మెట్టు మీద కిరాణా కొట్టు బొమ్మల ముందు ఆ భోజనమంతా పరిచింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వంగి చూసి మురిసిపోతున్నారు. రాధారాణి వచ్చింది. టిష్యూ పేపర్ తీసుకుని, ముక్కు దూరంగా పెట్టి, రొయ్యనూ సాల్మన్ ముక్కలనూ ఏరి వంటింటి చెత్తబుట్టలో పడేసింది.

"పెద్దమ్మా, అది దారం" అంది నైనిక.

"దారమైనా రొయ్య రొయ్యే. అమ్మవారి ముందు ఇవేనా పెట్టేది? నీకేం తెలుసు, తల్లి నేర్పింది నువ్వు పెట్టావ్." రాధారాణి అందరికీ వినపడేలా దేదీప్య వైపు తిరిగింది. "తినకుండానే ఇంత బాగా చేయడం ఎలా వచ్చిందమ్మా నీకు? ఆఫీస్‌లో ఏం తింటున్నావో ఎవరు చూడొచ్చారు."

దేదీప్య చెవులు వేడెక్కాయి. "నేను తిని చేయలేదక్కా. మీ అనిక తింటుంటే చూసి చేశాను. మీ కారులోనే కూర్చుని తింది."

పాట పాడుతున్నావిడ మధ్యలో ఆగిపోయింది. అప్పుడు చూసింది దేదీప్య, గుమ్మం దగ్గర కుంకుమ పళ్లెం పట్టుకుని నిలబడ్డ అనికను. రాధారాణి కూతురితో, "నువ్వు పైకి నడు" అంది.

దేదీప్య చెత్తబుట్టలో చేయి పెట్టి తన బొమ్మలన్నీ తీసుకుని, పిల్ల రెక్క పట్టుకుని బయటికి వచ్చేసింది. కారు స్టార్ట్ చేస్తున్నప్పుడు ఆమెకు ఒళ్లంతా సంతోషంగా ఉంది. ఆవిడ ముఖం ఎలా అయిందో తలుచుకుని నవ్వుకుంది కూడా. ఇల్లు చేరేలోగా ఆ నవ్వు పోయింది.

"వదినతో ఎంత గొడవైనా పడు, నాకేం" అన్నాడు లోకేష్, ఆ రాత్రి సంగతంతా విని. "ఆ పిల్లని మధ్యలోకెందుకు లాగావ్?"

అనిక దగ్గర కారు తాళాలు తీసేసుకున్నారు. దేదీప్య మెసేజ్ పెడితే ఆ పిల్ల నుంచి జవాబు లేదు. చివరికి ఒకనాడు ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తాల దగ్గర ఎదురుపడింది.

"అనీ, కోపంలో నోరు జారింది."

"మా అమ్మ కూడా ఎప్పుడూ అదే చెప్తుంది పిన్నీ. కోపంలో అనేశా అని. నువ్వు సేమ్ మా అమ్మలానే ఉన్నావ్."

ఆ మాట దేదీప్యకు రాధారాణి అన్న అన్ని మాటలకంటే లోతుగా దిగింది. క్షమించమని అడిగింది. అనిక సరే అంది గానీ, ఆ సరేలో ఏమీ లేదు.

రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అన్నదమ్ములు మాత్రం ఆఫీసు దగ్గర కలిసి కాఫీ తాగేవారు. రాధారాణికి దేదీప్య క్షమాపణ చెప్పలేదు. చెప్పే ఉద్దేశమూ లేదు.

వేసవి చివర అనిక వేరే రాష్ట్రంలో కాలేజీకి బయలుదేరుతూ, నైనికను చూడటానికి వచ్చింది. గుమ్మంలోనే పిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. బయట కారులో స్టీరింగ్ ముందు రాధారాణి తిన్నగా రోడ్డు వైపే చూస్తూ కూర్చుని ఉంది.

"లోపలికి రా. పులిహోర చేశాను, తిని వెళ్దువుగాని" అంది దేదీప్య.

"తినేసే వచ్చాను పిన్నీ."

కారు కదిలింది. దేదీప్య రాధారాణి వైపు చూడలేదు, ఆవిడా చూడలేదు. నైనిక చేయి ఊపడం ఆపేదాకా ఆగి, దేదీప్య తలుపు వేసుకుంది.