రాత్రి షిఫ్టు వారాలు

మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరగగానే బడి కిటికీలు ఒక్కసారి అదిరాయి. బల్ల మీద పెట్టిన సాంబయ్య సార్ ఫోటో దండతో సహా పక్కకు ఒరిగింది. గోదావరిఖనిలో ఇది రోజూ ఉండేదే కాబట్టి సంతాప సభలో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరో లేచి ఫోటో సరిచేశారు. మైకు ముందున్నాయన "సార్ మా పాలిట దేవుడు" అని మళ్లీ అందుకున్నాడు. నేను మాత్రం ఆ ఫోటో వైపు అనుమానంగానే చూస్తూ కూర్చున్నాను. నేను చేసేది వకీలు పని, పోయినవాళ్లందరూ దేవుళ్లయ్యే సభలంటే నమ్మకం తక్కువ. పైగా ఈ సార్ గురించి మా ఇంట్లో చెప్పుకునే మాట వేరు. మా బాపు దృష్టిలో ఆయన కంపెనీ మనిషి, పిల్లల నోటి నుంచి కూపీ లాగి ఆఫీసుకు చేరవేసేవాడు. అది నిజమో కాదో తేల్చుకుందామనే ఆ రోజు బడికి వెళ్లాను.

సార్ మాకు ఐదో తరగతి చెప్పారు. సోమవారం హాజరు పిలవగానే ఒక్కొక్కరినీ "మీ బాపు ఈ వారం ఏ షిఫ్టు?" అని అడిగేవారు. ఒకసారి నా వంతు వచ్చినప్పుడు, "డ్యూటీకి పోతలేడు సార్. ఊళ్లె నాట్లున్నయని పోయిండు" అన్నాను. జ్వరమని ఆఫీసుకు కబురు పంపి బాపు ఊరికి పోయిన సంగతి నాకేం తెలుసు? ఆయన తిరిగి వచ్చేసరికి కంపెనీ చార్జిషీటు సిద్ధంగా ఉంది. ఆ సాయంత్రం క్వార్టర్ గడపలో కూర్చుని నన్ను పిలిచాడు.

"మీ సార్ ఏమడిగిండు బిడ్డా?"

ఉన్నదున్నట్టు చెప్పాను.

"గట్లనా! ఆఫీసు దొరతోని రోజు చాయ తాగుడు ఊకెనే గాదన్నట్టు. ఇగ షిఫ్టు సంగతి అడిగితే నాకెరుక లేదను."

అలాగే అన్నాను. సార్ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, మళ్లీ ఎప్పుడూ అడగలేదు. దానికి బదులు శిక్ష మొదలైంది. కొన్ని వారాలు బడి వదిలాక నన్ను ఇంటికి పోనిచ్చేవారు కాదు. వరండాలో కూర్చోబెట్టి పాఠం పైకి చదివించేవారు. నాతోపాటు ఇంకొందరు కూడా ఉండేవారు, వారం వారం మారుతూ. "గొణుగుడు వద్దు. గట్టిగ చదువు, గేటు దాకా ఇనబడాలె. ఈడ పండుకున్నోళ్లు ఎవ్వలు లేరు" అని కసిరేవారు. లోలోపల ఆయన్ను తిట్టుకుంటూ గొంతు బొంగురుపోయేదాకా చదివేదాన్ని. ఒక వారం పట్టుకుని తర్వాతి వారాలు వదిలేయడం ఏమిటి? ఇది బాపు మీద కక్షేనని తేల్చేసుకున్నాను. బాపు ముక్కే కాదు, అనుమానం కూడా నాకు వచ్చింది. బజార్లో సార్ ఎదురైతే బాపు రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. సార్ చెయ్యెత్తి పిలిచినా విననట్టే నడిచేవాడు.

సభ ముగిశాక, సార్‌తో కలిసి పనిచేసిన సుగుణ టీచర్ పక్కన చేరాను. యోగక్షేమాలయ్యాక ఇక ఆగలేక అడిగేశాను.

"టీచర్, సార్ మా బాపుల షిఫ్టులెందుకు అడిగేటోళ్లు? నిజం చెప్పుండ్రి."

ఆమె నా వైపు వింతగా చూసింది. "నైట్ షిఫ్టోళ్ల పిల్లల కోసం. మీ క్వార్టర్ల ఎన్ని అర్రలుండె?"

"ఒక్కటే."

"బాపు పగలు పండుకుంటే నోరు తెరిచి చదివినవా ఎన్నడన్న?"

లేదు. ఆ వారాల్లో మా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. అమ్మ కళ్లతోనే తిట్టేది. రాత్రంతా భూమి కింద పనిచేసే మనిషికి నిద్ర చాలకపోతే ఏమవుతుందో కాలనీలో అందరికీ తెలుసు. పాఠాలన్నీ పెదవులు కదిపి చదువుకునేదాన్ని.

అయినా నాకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. "నేను చెప్పుడు బంద్ చేసిన గదా. మరి ఏ వారమో ఎట్ల తెలిసె?"

"నీ గొంతును బట్టి. నైట్ షిఫ్టు వారమొస్తే మీరంత బడిల గూడ గుసగుసలే. హాజరు పలికినా ఇనబడకపోయేది. అది చూసే సార్ మిమ్ముల ఆపేటోళ్లు."

"గా ముక్క మా బాపుకు చెప్పొచ్చు గదా?"

"బజార్ల ఎన్నిసార్లు పిలిచిండ్రో. మీ బాపు ఆగితేగా?"

బాపు సంగతి ఆఫీసుకు ఎవరు చేరవేశారో నాకిప్పటికీ తెలియదు. పక్క క్వార్టర్ వాళ్ల మీద ఒక అనుమానం ఉంది, అది వేరే విషయం. కానీ ఇంటి దారి పొడవునా వరండాలో కూర్చున్న వారాలను గుర్తు చేసుకుంటూ వచ్చాను, ఎక్కడైనా పొంతన తప్పుతుందేమోనని. ఎక్కడా తప్పలేదు. అన్నీ బాపు పగలు పడుకున్న వారాలే. ఏడుపొచ్చింది. ఈరోజు కోర్టులో నాకు అన్నం పెడుతున్నది తిట్టుకుంటూ చదివిన ఆ గొంతే.

ఇంటికి చేరేసరికి బాపు మంచం మీద పడుకుని ఉన్నాడు. రిటైరై ఏళ్లయినా ఆయనకు పగలు పడుకునే అలవాటు పోలేదు. ఆయన పడుకుంటే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే అలవాటు నాకూ పోలేదు. గుమ్మంలో విప్పి చేతిలోకి తీసుకున్నాను. ఒక్క క్షణం ఆగి, కింద పడేశాను. పగలు పడుకున్న బాపును మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ లేపలేదు.

"బాపూ, లే!" అన్నాను, గేటు దాకా వినబడేలా.

ఉలిక్కిపడి లేచాడు. "ఏందే, ఏమైంది?"

"లేచి కూసో. సాంబయ్య సార్ సంగతి చెప్పాలె."