మత్తు చుక్కలు

నిరుడు ఆటోనగర్ షెడ్డులో వెల్డింగ్ వెలుగు తగిలి, కళ్లలో ఇసుక పోసినట్టుందని మా బావ విలవిల్లాడాడు. మందుల షాపువాడు డాక్టరు చీటీ అడక్కుండానే కంటిని మొద్దుబార్చే మత్తు చుక్కలిచ్చాడు. నొప్పి తెలియక బావ వాటిని రోజూ వేసుకుంటూ పనిచేశాడు.

నేను గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేసి, "ఆ చుక్కలు కంటి పైపొర కార్నియా మీది పుండును మాననివ్వవు బావా, ఆపెయ్" అన్నాను.

"నొప్పి నేదు కదేటి, లైబ్రరీ డాక్టరు గోరూ!" అని నవ్వాడు.

కొద్దిరోజులకే కుడికన్ను తెల్లబడింది. కార్నియా మీద మచ్చ పడిందని, చూపు పూర్తిగా రాదని ఆసుపత్రిలో చెప్పారు.

ఒళ్లు మండి షాపుకెళ్లాను. ఓనరు అదే మందు మరో వెల్డరుకి ఇస్తూ, "ఆళ్లే అడుగుతారు, నానేటి సేత్తాను?" అన్నాడు. సీసా లాక్కుని నేలకేసి కొట్టాను.

వెల్డరు నా కాలరు పట్టుకున్నాడు. "నొప్పి నీదా, నాదా?"

నొప్పి కన్ను పెట్టే కేక. దాని నోరు నొక్కే మందు అమ్ముకునే ఆ షాపు ఇంకా తెరిచే ఉంది. అటు వెళితే నా రక్తం ఇప్పటికీ ఉడుకుతుంది.