మల్లేశన్న సర్వపిండి కోసం అల్ హిలాల్ నుంచి ఇండస్ట్రియల్ ఏరియాకు

సోమవారం మధ్యాహ్నం మల్లేశన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, వచ్చే వారం బేస్తారం నా ఫ్లైటు. ఇగ మళ్ల రాను. ఈ శుక్రారం పొద్దుగాల రా, ఒక్కపూట సర్వపిండి తిందాం. ఎన్క కుక్కరు, గిన్నెలు ఎవలికన్న ఇచ్చేస్త" అన్నాడు. ఈ ప్రయాణానికి కారణం అదే. బేస్తారమంటే వాళ్ళ వైపు గురువారం.

మల్లేశన్నది జగిత్యాల వైపు పల్లె. నాది రాయచోటి. ఖతార్‌కు వచ్చిన కొత్తలో ఇద్దరం ఒకే కంపెనీ. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఆరేళ్ళు ఒకే గదిలో, ఒకే మంచానికి పైనా కిందా పడుకున్నాం. తరువాత నేను డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుని అల్ హిలాల్‌లో ఒక ఖతారీ ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేరాను. అదీ ఎనిమిదేళ్ళయింది. మల్లేశన్న మాత్రం అక్కడే ఉండిపోయాడు.

క్యాంపు రోజుల్లో శుక్రవారం టిఫిను అంటే సర్వపిండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, పచ్చిమిర్చి వేసి కలిపి, పాత కుక్కరు అడుగున వేళ్ళతో మందంగా అద్ది, మధ్యలో నాలుగు చిల్లులు పెట్టి నూనె పోసి కాల్చేవాడు. రాగిసంకటి, ఉగ్గాని తప్ప మరొకటి ఎరగని నాకు మొదటి శుక్రవారం అది అట్టా, రొట్టా అర్థం కాలేదు. రెండో శుక్రవారానికి కుక్కరు పక్కనే కాపలా కూర్చున్నాను.

ఇప్పుడు నా కథలో చిక్కు చెప్పాలి. రెండు నెలల కిందట హెల్త్ సెంటర్లో నాకు షుగరు ఉందన్నారు. రెండో రకం. మలయాళీ నర్సు షుగరు చూసుకునే మిషను ఒకటి చేతిలో పెట్టి, పొద్దున టిఫినుతో పాటే మాత్ర వేసుకోవాలని, టిఫిను మానకూడదని వేళ్ళు లెక్కపెట్టినట్టు మూడుసార్లు చెప్పింది. ఈ సంగతి మా బాబాకు, అంటే ఇంటి యజమానికి, నేను చెప్పలేదు. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. బడికి, ట్యూషనుకు, నానమ్మ ఇంటికి తిప్పేది నేనే. డ్రైవరుకు జబ్బని తెలిస్తే ఖల్లాస్, టికెట్ కొని ఊరికి పంపేస్తారని నా భయం. మల్లేశన్నకు తప్ప ఈ దేశంలో ఎవరికీ తెలియనివ్వలేదు.

ఇక నా అతి తెలివి. సర్వపిండి తినబోతున్నాను కదా, ముందునుంచే షుగరు తగ్గించి పెట్టుకుంటే మంచిదనుకున్నాను. గురువారం రాత్రి ఒక ఆపిలు తిని పడుకున్నాను. శుక్రవారం పొద్దున అయిదున్నరకు మాత్ర వేసుకున్నాను, టిఫిను మాత్రం మానేశాను. విత్తనం వేయకముందే చేనుకు నీళ్ళు పెట్టి ఉంచినట్టన్నమాట. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆరుంపావుకు గది తాళం వేసి బయలుదేరాను. సాయంత్రం నాలుగుకు పిల్లలను నానమ్మ ఇంటికి తీసుకుపోవాలి. ప్రతి శుక్రవారం డ్యూటీ అది. కాబట్టి మూడున్నరలోపు వెనక్కి రావాలి. ఇటు వెళ్ళదలచిన మనవాళ్ళకు ఒక మాట: శుక్రవారం పొద్దున బస్సులు పలచగా వస్తాయి, అరగంట ముందే స్టాపులో ఉండండి. బస్సు కార్డులో పది రియాళ్ళుంటే పోనూ రానూ సరిపోతుంది. సూటిగా పోయే బస్సు కోసం చూడకండి, మెసైమీర్‌లో దిగి మారడమే మేలు.

ఆరూ యాభైకి బస్సు వచ్చింది. రెండు మలుపులు తిరగగానే మా కరక్ టీ దుకాణం కనిపించింది. ఇక్కడ టీ కోసం బండి దిగే పని లేదు. హారను కొడితే కప్పు బండి దగ్గరికే వస్తుంది. ఎనిమిదేళ్ళుగా పిల్లలను బడిలో దింపి, తిరుగు దారిలో అక్కడ ఆపడం నా అలవాటు. డబ్బాపాలు, యాలకులు, చక్కెర కలిసి చిక్కగా మరిగిన టీ, కాగితంలో చుట్టిన చీజు పరాటా. ఏసీ వేసుకుని, ఊరినుంచి వచ్చిన వాయిస్ మెసేజీలు వింటూ తినేవాణ్ణి. రోజు మొత్తంలో నాది అనిపించే పావుగంట అదొక్కటే. రెండు నెలలుగా అక్కడ హారను కొట్టలేదు. షుగరు వచ్చిందంటే పోయేది తీపి అనుకుంటారు అందరూ. నాకు పోయింది ఆ పావుగంట. బస్సు కిటికీలోంచి ఆ దుకాణం కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూశాను.

బస్సులో సగంమంది ఆడవాళ్ళే. శుభ్రమైన చీరలు, పంజాబీ డ్రస్సులు, చేతుల్లో బైబిళ్ళు. మెసైమీర్‌లో చర్చీలన్నీ ఒకేచోట ఉన్నాయి, ఇక్కడ ప్రార్థన శుక్రవారమే. నా పక్క సీటులో కూర్చున్నామె ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే పలకరించాను. పేరు రత్నం, రాజోలు దగ్గర ఊరు. ఒక ఖతారీ ఇంట్లో ముసలామెను చూసుకునే పనట, పదకొండేళ్ళుగా. వారం మొత్తంలో బయటికి వచ్చేది ఈ ప్రార్థనకేనని చెప్పింది. మా ఊరి మామిడిపళ్ళ గురించి నేనూ, వాళ్ళ ఊరి పులస గురించి ఆమే కాసేపు గొప్పలు పోయాం.

ఏడున్నరకు మెసైమీర్‌లో దిగాం. దిగుతున్నప్పుడే ఏదో తేడాగా అనిపించింది. ఎండ ఇంకా ముదరలేదు, అయినా చొక్కా తడిసిపోయింది. బస్సు కార్డు తాకించబోతే చెయ్యి టికెట్టు మిషను పక్కకు పోయింది. స్టాపు బెంచీ నాలుగడుగుల దూరంలో ఉంది, అది ఊగుతున్నట్టు కనిపించింది. రత్నం నాలుగడుగులు ముందుకు వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. నా ముఖం చూసి గబగబా వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, మీకు షుగరుందా?" అని అడిగింది. తల ఊపాను. ఇంకేం అడగకుండా సంచిలోంచి మామిడి జ్యూసు డబ్బా తీసి, గొట్టం గుచ్చి నా నోటికి అందించింది. సండే స్కూలు పిల్లలకని తెచ్చిన డబ్బాలట అవి. పిల్లలకివ్వాల్సిన జ్యూసు నలభై ఆరేళ్ళ వయసులో చప్పరిస్తూ కూర్చున్నాను. నా బ్యాగులోని మిషను తనే తీసి, నా వేలు గుచ్చింది. ఇక్కడి మిషన్లు మన ఊళ్ళో చెప్పుకునే లెక్కలో చూపవు, పద్దెనిమిదితో గుణించుకోవాలి. మూడు పాయింట్ ఒకటి చూపింది. మన లెక్కలో యాభై ఆరు, డెబ్బైకి దిగితేనే ప్రమాదమట.

"మా ముసలామెకి కూడా ఇలాగే పడిపోతుందండి. పావుగంట కదలకండి" అని తనూ పక్కనే కూర్చుంది. చర్చిలో పాట మొదలైనట్టు మైకు వినబడుతోంది. వెళ్ళమన్నా వెళ్ళలేదు. పావుగంట తరువాత మళ్ళీ చూస్తే అయిదు దాటింది. అప్పుడు నాలుగు బిస్కెట్లు తినిపించి, పొద్దున ఏం చేశారని నిలదీసింది. మాత్ర వేసుకుని టిఫిను మానేసిన ఘనకార్యం చెప్పాను. ఏం పని చేస్తారంది. చెప్పాను. మీరు పనిచేసే ఇంట్లో తెలుసా అంది.

"చెప్పల్యా అక్కా. తీసేస్తారని భయం."

ఆమె బిస్కెట్ల పొట్లం మడిచి సంచిలో పెట్టుకుంది. తరువాత మెల్లగా అంది: "ఇయ్యాల మీరు బస్సులో కూర్చున్నారు కాబట్టి సరిపోయిందండి. అదే బండి తోలుతుంటేనో? వెనకాల పిల్లలుంటేనో?"

తన ఫోను నంబరు రాసిచ్చి, ఇంకో జ్యూసు డబ్బా నా బ్యాగులో పెట్టి, ప్రార్థనకు పరుగెత్తింది.

ఎనిమిదీ ఇరవైకి రెండో బస్సు. కిటికీ పక్కన కూర్చున్నానే గాని ఆమె మాటే చెవిలో మోగుతోంది. ఇండస్ట్రియల్ ఏరియాలోకి దిగగానే మాత్రం ముక్కుకు పాత వాసన తగిలింది: డీజిలు, వెల్డింగు పొగ, కాలిన రబ్బరు. టైర్ల దుకాణాలు, గోదాములు, గోడల వెంట ఆరేసిన యూనిఫారాలు. శుక్రవారం కాబట్టి కంపెనీ బస్సులు వరుసగా నిద్రపోతున్నాయి. పద్నాలుగేళ్ళ కిందట ఆ బస్సుల్లో ఒకటి నన్ను రోజూ తెల్లవారకముందే సైటుకు తీసుకుపోయేది. మూడున్నరకు లేచి వంటగదిలో పొయ్యి కోసం వరుస కట్టేవాళ్ళం. నేపాలీలు ఒక వైపు, బెంగాలీలు ఒక వైపు, మనవాళ్ళు మరొక వైపు. "యల్లా యల్లా" అని ఫోర్‌మన్ అరిచేలోపు ఖుబ్బూసు రొట్టె మంట మీద వేడి చేసి, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ నిలబడే తినేవాళ్ళం. ఎంత తిన్నా సైటులో మధ్యాహ్నానికి అరిగిపోయేది. అప్పుడు షుగరంటే కిరాణా సామాను, అంతే.

తొమ్మిదింపావుకు క్యాంపు గేటు. సెక్యూరిటీకి ఐడీ కార్డు ఇచ్చి లోపలికి వెళ్ళాను. గోడలకు కొత్త రంగు వేశారు. వంటగదిలో ఇరవై పొయ్యిలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. కేటరింగువాళ్ళు పెట్టెల్లో అన్నం పంపుతారట, వండుకునేవాళ్ళు తగ్గిపోయారు. మూడింటిలో ఒక దాని ముందు మల్లేశన్న, బనీను మీద తువ్వాలు వేసుకుని, తల సగం నెరిసి. కుక్కరు మాత్రం అదే, పిడి విరిగిన చోట తీగ చుట్టి ఉంది. నూనెలో నువ్వులు చిటపటలాడుతున్నాయి. ఆ వాసనకు నాకు కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడి ఉల్లిపాయ మీద తోసేశాను, అక్కడ ఉల్లిపాయ లేదు.

"గట్లున్నవేందే, మొకం గుంజుకపోయింది" అన్నాడు. బస్సు స్టాపు సంగతి చెప్పాను. గరిటె పక్కన పెట్టి, పూర్తిగా విన్నాడు. ముందుగా ఒక పళ్ళెంలో జొన్నరొట్టె, పాలకూర పప్పు, రెండు గుడ్లు పెట్టాడు. నాకు షుగరని తెలిసి జొన్నపిండి తెప్పించి పెట్టాడట. అవి తిన్నాక సర్వపిండిలో పావు ముక్క విరిచి ఇచ్చాడు. మొత్తం కావాలని అడగబోయి ఆగిపోయాను. పూర్వం ఇద్దరం నాలుగు లాగించేవాళ్ళం, చివరి ముక్కకు తగువు పడేవాళ్ళం. ఆ పావు ముక్కను అంచు నుంచి కొంచెం కొంచెంగా చాలాసేపు తిన్నాను. రుచి ఏమాత్రం మారలేదు. మారింది మేమేనని అప్పుడే తెలిసింది.

ఆ గదిలో ఆరేళ్ళు ఎవరెవరు పడుకున్నారో పేరుపేరునా తలుచుకున్నాం. నిజామాబాదు లింబన్న, నిద్రలో మేకలను అదిలించే పోశెట్టి. ఒకరు ఊళ్ళో ట్రాక్టరు కొన్నారు, ఒకరు పోయారు. పదకొండున్నరకు వేలు గుచ్చుకుంటే తొమ్మిది చూపింది, ఫరవాలేదు. మధ్యాహ్నం ఇంత అన్నం, పప్పు తినేదాకా మల్లేశన్న కదలనివ్వలేదు. గేటు దాకా సాగనంపుతూ, అప్పటిదాకా దాచుకున్న మాట అన్నాడు.

"ఇన్నొద్దులు నీ షుగరు ముచ్చట నా ఒక్కనికే ఎరుక. నేను బేస్తారం పోతున్న. నువ్వు యాడన్న పడిపోతే గీ దేశంల ఎవలికి దెలుస్తది? ఆ పిల్లల నాయినకు జెప్పు."

ఉద్యోగం పోతే ఎలాగన్నాను.

"నౌకరి పోతే ఇంటికి పోతవ్. ఆ పిల్లలకేమన్న అయితే యాడికి పోతవ్ తమ్మీ?"

ఇద్దరం కావలించుకున్నాం. జగిత్యాలకు రమ్మన్నాడు, వస్తానన్నాను. రాయచోటికి రమ్మన్నాను, వస్తానన్నాడు. ఇద్దరికీ నమ్మకం లేదు.

ఒంటిగంటకు నమాజు అయ్యాక రోడ్లు కదిలాయి. ఒకటిన్నర బస్సు దొరికింది. దారిపొడవునా హిందీ, అరబ్బీ కలిపి ఒక వాక్యం తయారు చేసుకుంటూ, మళ్ళీ చెరిపేసుకుంటూ వచ్చాను. రేపు చెబుదామా, జీతం అయ్యాక చెబుదామా అని మనసు ఎన్ని దొంగదారులు వెతికిందో లెక్కలేదు. మూడుంపావుకు అల్ హిలాల్ చేరాను. స్నానం చేసి, మిషను చూసుకున్నాను. ఏడు.

నాలుగుకు పిల్లలు బండి ఎక్కారు. బాబా గుమ్మంలోంచి వస్తున్నాడు. ఇంజను వేయకుండా దిగి ఎదురెళ్ళాను.

"బాబా, అనా ఫీ సుక్కర్" అన్నాను, నాకు షుగరుందని. పొద్దున బస్సు స్టాపులో జరిగింది వచ్చిన భాషలన్నీ కలిపి చెప్పాను. ఎప్పటినుంచి అని అడిగాడు. రెండు నెలలన్నాను.

కోప్పడతాడనుకున్నాను. ఆయన నావైపు చూడలేదు. వంగి బండి వెనుక కిటికీలోంచి లోపలికి చూశాడు. పెద్దవాళ్ళిద్దరూ ఫోను కోసం లాక్కుంటున్నారు, చిన్నది చెప్పులు విప్పి సీటు మీద నిలబడింది. ఆయన అలా చాలాసేపు చూస్తూనే ఉన్నాడు. తరువాత చెయ్యి చాచాడు. తాళాలు ఆ చేతిలో పెట్టాను.

ఆయనే డ్రైవరు సీటులో కూర్చుని, నన్ను పక్క సీటు ఎక్కమన్నాడు. ఆదివారం నాతోపాటు డాక్టరు దగ్గరికి వస్తానని, అప్పటిదాకా బండి ముట్టవద్దని అన్నాడు. ఉద్యోగం సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దున ఆరుంపావుకు మొదలైన ప్రయాణంలో ఈ చివరి దూరమే నాకు అన్నిటికంటే పొడుగ్గా అనిపించింది. ఎనిమిదేళ్ళు రోజూ నేను తోలిన ఆ దారిలో మొదటిసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెనుక పిల్లలు కొట్టుకుంటున్నారు, అరుచుకుంటున్నారు. ముగ్గురి గొంతులూ వేరువేరుగా వినబడుతున్నాయి. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.