ఏటవతలి కొట్టు పలకలేదు

పైవాటా కోడలు పిల్లది కూర్చున్న చోటు నుంచి కదలక్కర్లేని ఉద్యోగం. మందుల దుకాణాల కంపెనీ. ఊరూరా కొట్లు. ప్రతి కొట్టు వెనక గదిలో, అట్టపెట్టెల పక్కన, తెరా మీటలూ లేని ఓ పెద్ద కంప్యూటరు పగలనకా రాత్రనకా గుయ్యిమంటూ ఉంటుంది. దాన్నే సర్వరంటారు. ఏ మందు ఎంత మిగిలింది, ఏది ఎప్పుడు పాడవుతుంది, అన్నీ దాని కడుపులోనే. అది మొరాయించిందంటే కొట్లో జ్వరం మాత్ర కూడా అమ్మలేరు.

ఆ యంత్రాల బాగోగులు చూసేది ఆమె మొగుడే. అదే కంపెనీ. సంచీ భుజాన వేసుకుని బస్సులెక్కి తిరుగుతాడు. మూత తీసి లోపల డిస్కులెన్ని, ర్యామ్ ఎంత, ఫ్యాన్లు తిరుగుతున్నాయా లేదా రాసి పంపితే, ఆఫీసులో ఈమె లెక్కల్లోకి ఎక్కించేది. ర్యామ్ అంటే అరచేతి పొడుగు పచ్చటి పలక. అది ఎంత ఎక్కువుంటే యంత్రం అంత చురుకు.

ఈమధ్య మేనేజరుకి తొందరెక్కువైంది. "మనిషి వెళ్లి రాసేదాకా ఎవడాగుతాడమ్మా? ఇక్కడ నొక్కితే అక్కడ యంత్రమే తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. అలాంటి ప్రోగ్రాము రాయి" అన్నాడు. పని చెప్తే పట్టు వదలని పిల్ల. రాసేసింది.

అత్తగారికి సంగతి తెలిసి వంటింట్లోంచే అందుకుంది. "ఏమే, నీ మొగుడు బస్సుల్లో నడుం విరగ్గొట్టుకుని చేసే పని నువ్వు వేలితో నొక్కి చేసేస్తే, రేపట్నుంచి వాడేం చెయ్యాలి? నాతో కూర్చుని బట్టలు మడతపెట్టాలా?"

"తిరుగుడు తగ్గుతుందిలెండి అత్తయ్యా. ఇంటిపట్టున ఉంటారు."

"ఇంటిపట్టున మగాడుంటే ఎవరికే సుఖం? వాడికా, నాకా?"

ఆదివారం పొద్దున బల్ల మీది గిన్నెలు పక్కకి జరిపి, కోడలు తన ప్రోగ్రామును మొదటిసారి వదిలింది. యంత్రాలు ఒక్కొక్కటే పలుకుతుంటే, బడిలో హాజరు వేసినట్టే ఉంది. ముచ్చటేసింది. అంతలోనే ముచ్చట కాస్తా ఆవిరైంది. మూడు కొట్లలో మొగుడు రాసిచ్చిన దానికన్నా ర్యామ్ తక్కువుంది. తప్పు తన రాతలోనేమో అని మళ్లీ అడిగింది. యంత్రాలకి మొహమాటం లేదు కదా, అదే చెప్పాయి.

మొగుడు కిటికీ దగ్గర చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"ఏమండీ, ఈ మూడు చోట్లా పలకలు తక్కువున్నాయి. ఏమయ్యాయి?"

ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి అన్నాడు, "ఇంకోచోట పెట్టాను. ఒక కొట్లో ఉన్న పలక చాలక యంత్రం మొరాయిస్తే, ఇంకోటి పంపమని ఆఫీసుకి రాస్తే నెలలు పడుతుంది. అందాకా అక్కడి జనం మందులెలా కొనుక్కుంటారు? ఖాళీగా ఉన్న చోటు నుంచి తీసి అవసరమైన చోట వేశాను. నేనొక్కణ్ణేనా, ఊళ్లు తిరిగే ప్రతివాడూ చేసేదే."

"మరి అలా అని రాయలేదేం?"

"రాస్తే 'నీకెవడిచ్చాడు హక్కు' అంటారు. అందుకని పాత లెక్కే మళ్లీ రాశాను."

ఆమె సరిచూసింది. రెండు కొట్లలో ర్యామ్ ఎక్కువ తేలింది. నిజమే, అక్కడికి చేరాయి. మూడోది?

"ఏటవతలి కొట్లో వేశాను" అన్నాడు.

ఏటవతలి కొట్టు పలకలేదు. గాలివానకి అక్కడ తీగలు తెగాయి, ఏరు పొంగి దారి మునిగింది, కొట్టుకి తాళం. నిజం చెప్పాల్సిన యంత్రం ఒక్కటీ నోరు మూసుకుంది.

మర్నాడు లెక్క మేనేజరుకివ్వాలి. ఆ మూడు వరసలూ సర్దేయడం ఆమెకి చిటికెలో పని. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది పెళ్లామే అయితే ఇంకేం! కానీ పోయినేడు ఒకడు ఇలాగే పలకలు పీకి అమ్ముకుని దొరికాడు. ఇప్పుడు దాచి, రేపు బయటపడితే ఇద్దరూ దొంగలే. ఉన్నదున్నట్టు ఇచ్చింది. ఇస్తున్నానని మొగుడికి ముందే చెప్పింది. "ఇవ్వు" అన్నాడాయన.

మేనేజరు ఆయన్ని పిలిచి, "రెండు దొరికాయి, సరే. మూడోదాని సంగతి తేలేదాకా ఏ యంత్రం మూతా ముట్టుకోవద్దు" అన్నాడు. ఆఫీసులో మూలన ఓ కుర్చీ చూపించారు. బస్సులెక్కి బతికిన మనిషి, ఆ కుర్చీలో కూర్చోవడం కూడా చేతకాక లేచి నిలబడేవాడు. కాఫీ మిషను దగ్గర జనం ఆయన్ని చూసి మాట మార్చేవారు.

ఇంట్లో అత్తగారు కోడల్ని దెప్పడం మానేసి, కూర గిన్నె కాస్త గట్టిగా పెట్టేది. అదే తిట్టు. ఆయన మాట నమ్మిందా? నమ్మింది. మరి పళ్లు తోముకుంటూ ఎందుకు అడిగేది ఆ యంత్రాన్ని? బస్సులో ఫోనులోంచి, పని మధ్యలో తలొంచుకుని, పప్పు కుక్కరు కూత పెట్టే లోపల... 'పలకలేదు, పలకలేదు' అనే మాటే వచ్చేది. అది చూసిన ప్రతిసారీ పోయినేటి దొంగ గుర్తొచ్చేవాడు. వాడూ మంచివాడే అనుకున్నారు కదా అందరూ.

వరద తీసి, తీగలు కట్టాక, ఒక మధ్యాహ్నం ఏటవతలి కొట్టు పలికింది. ర్యామ్ ఎక్కువుంది. ఆయన చెప్పినంతా ఉంది.

ఆమె పరుగున మేనేజరుకి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "దొంగ కాదు, మంచిదే. కానీ తప్పుడు లెక్క తప్పుడు లెక్కే కదమ్మా. ఇక నీ ప్రోగ్రామే ఉందిగా, తిరుగుడెందుకు? ఆ కుర్చీలోనే ఉండమను" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆమె మొగుడికి ఆ మొదటి సగమే ముందు చెప్పింది. "ఏమండీ, పలికింది! మీరన్నట్టే ఉంది!"

ఆయన చెప్పులు విప్పుతూ, "నేనన్నట్టు ఉండకపోతే ఎలా ఉంటుందనుకున్నావు?" అన్నాడు.

"అది కాదండీ..."

"ఎన్నిసార్లు అడిగావు దాన్ని?"

అబద్ధం చెప్పొచ్చు. రోజుకోసారి అంటే సరిపోయేది. ఆమెకి నోరు రాలేదు. "లెక్కపెట్టలేదు" అంది.

ఆయన తలూపాడు. కోపం లేదు, దానికే భయమేసింది ఆమెకి. అత్తగారు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఏదో అనబోయి, కొడుకు మొహం చూసి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

రెండో సగం, కుర్చీ సంగతి, ఆమె అన్నాలయ్యాక చెప్పింది. "తెలుసు, మేనేజరు నాతోనూ అన్నాడు" అన్నాడాయన. "ఇక రోజూ నీతోపాటే వస్తాలే, ఒకే బస్సు" అని దుప్పటి దులిపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.